భార్యను స్పాన్సర్ చేయబోతూ ఒట్టావాలో ఉండాలా, గాటినోలో ఉండాలా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా పర్మనెంట్ రెసిడెంట్‌గా కెనడా వచ్చి, ఒట్టావా డౌన్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. వచ్చాక సెలవు మీద గుంటూరు వెళ్లి వివాహం చేసుకుని తిరిగి వచ్చాను. నా భార్య బి.ఫార్మసీ చదివింది. ఆమెను స్పాన్సర్ చేయడానికి, అంటే నా పోషణ హామీ మీద పర్మనెంట్ రెసిడెంటుగా రప్పించుకోవడానికి, కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. ప్రస్తుతం మిత్రులతో కలిసి ఒక బేస్‌మెంటులో ఉన్నాను కనుక, ఆమె వచ్చేలోగా వేరే ఇల్లు చూసుకోవాలి. నదికి అవతల గాటినోలో, హల్ ప్రాంతంలో, ఇదే విస్తీర్ణం గల అపార్టుమెంటు నెలకు మూడు నాలుగు వందల డాలర్లు తక్కువకు వస్తోంది, అక్కడి నుంచి ఆఫీసుకు బస్సులో పావుగంట ప్రయాణమే. అక్కడ లీజు మీద సంతకం చేయవచ్చా? అలాగే, ఫైలు నడుస్తున్నంత కాలం నేను గుంటూరులోనే ఉండి రిమోట్‌గా పని చేసుకోవడానికి వీలవుతుందా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం

ఆ లీజు మీద ఇప్పుడు సంతకం చేయకండి. మీరు అద్దెను, బస్సు ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకున్నారు కానీ, ఆ నది రెండు ప్రావిన్సులకు (మన రాష్ట్రాల వంటివి) సరిహద్దు, ఒట్టావా ఒంటారియోలో, గాటినో క్యూబెక్‌లో ఉన్నాయి అన్న విషయాన్ని లెక్కలోకి తీసుకున్నట్లు కనిపించదు. వంతెన దాటి నడిచి వెళ్లేవారికి అది ఒకే ఊరిలో రెండు పేటల లాగే ఉంటుంది, ఎక్కడా గేటు గానీ తనిఖీ గానీ ఉండదు. ఇమిగ్రేషన్ విషయంలో మాత్రం, 1991లో కెనడా ప్రభుత్వానికీ క్యూబెక్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం కారణంగా, అవతలి ఒడ్డున నివసించే స్పాన్సరు దరఖాస్తు ఇవతలి ఒడ్డున నివసించే వారి దరఖాస్తుకు పూర్తిగా భిన్నమైన దారిలో వెళుతుంది.

ఒంటారియోలో నివసించే వ్యక్తి తన భార్యను స్పాన్సర్ చేస్తే, స్పాన్సరుగా అతని అర్హతను, వలస వచ్చే వ్యక్తిగా ఆమె అర్హతను రెండింటినీ కేంద్ర ప్రభుత్వపు ఇమిగ్రేషన్ శాఖ అయిన ఐఆర్‌సీసీ ఒక్కటే పరిశీలిస్తుంది. క్యూబెక్‌లో నివసించే వ్యక్తి అయితే, ముందు ఐఆర్‌సీసీ అతనిని స్పాన్సరుగా ఆమోదించాలి, ఆ తరువాత అతడు క్యూబెక్ ఇమిగ్రేషన్ మంత్రిత్వ శాఖకు పోషణ బాధ్యత హామీపత్రాన్ని వేరే రుసుముతో సమర్పించాలి, వారు అంగీకరించి సీఎస్‌క్యూ అని పిలిచే ఎంపిక పత్రాన్ని భార్య పేరిట జారీ చేయాలి, అప్పుడే ఫైలు చివరి నిర్ణయం కోసం మళ్లీ కేంద్రానికి వస్తుంది. అదనపు అంచె ఒక్కటే అయితే కొన్ని నెలలు ఓపిక పట్టవచ్చు. అసలు చిక్కు ఏమిటంటే, కుటుంబ పునరేకీకరణ కింద ఏటా ఎంతమందిని తీసుకోవాలో క్యూబెక్ తన లక్ష్యాన్ని తానే పెట్టుకుంటుంది, ఆ లక్ష్యం దరఖాస్తుల సంఖ్య కంటే చాలా చిన్నది. అందువల్లనే 2024, 2025 సంవత్సరాలలో ఇతర ప్రావిన్సుల భార్యాభర్తల ఫైళ్లు దాదాపు ఏడాదిలో తేలుతూ ఉండగా, క్యూబెక్ ఫైళ్లకు సుమారు మూడేళ్ల వ్యవధి చూపించారు.

దీనికి తోడు, 2024 జూన్ 26 నుంచి 2026 జూన్ 25 వరకు మొత్తం 13,000 హామీపత్రాలనే స్వీకరిస్తామని క్యూబెక్ ప్రకటించింది. అందులో జీవిత భాగస్వాములకు, పద్దెనిమిదేళ్లు దాటిన పిల్లలకు కలిపి కేటాయించినవి 10,400. ఆ వాటా గడువుకు దాదాపు ఏడాది ముందే, 2025 జూలైలోనే నిండిపోయింది. అప్పటికి హామీపత్రం దాఖలు చేయని వారు, మిగతా కాగితాలన్నీ ఎంత సక్రమంగా ఉన్నా, తరువాతి విడత కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఇటువంటి పరిమితులను వారు విడతల వారీగా ప్రకటిస్తారు కనుక, గాటినో వైపు మొగ్గేవారు ఎవరైనా ముందుగా ఆ మంత్రిత్వ శాఖ తాజా ప్రకటన చదవాలి. అద్దె ప్రకటనలు చూడటం ఆ తరువాతి సంగతి.

నెలకు నాలుగు వందల డాలర్లు చిన్న మొత్తమని నేను అనను. అయితే ఆ మిగులు పైకి కనిపించినంత ఉండదు. ప్రావిన్సు ఆదాయపు పన్ను మీరు పని చేసే చోటును బట్టి కాక, డిసెంబరు 31 నాటికి మీరు నివసించే చోటును బట్టి పడుతుంది, క్యూబెక్ పన్ను ఒంటారియో కంటే ఎక్కువ. మీ కంపెనీ ఒంటారియోలో ఉంది కాబట్టి ఏడాది పొడవునా జీతంలోంచి ఒంటారియో లెక్క ప్రకారమే పన్ను కోస్తారు. వసంతంలో మీరు కేంద్రానికి ఒకటి, క్యూబెక్‌కు ఒకటి చొప్పున రెండు రిటర్నులు వేసినప్పుడు ఆ తేడా ఒక్కసారిగా బాకీగా బయటపడుతుంది. వైద్యం విషయానికి వస్తే, వైద్యుల ఫీజులకు సంబంధించిన అంతర్ ప్రావిన్సు ఒప్పందంలో క్యూబెక్ లేదు కనుక, క్యూబెక్ ఆరోగ్య కార్డుతో ఒట్టావా క్లినిక్కులకు వెళితే చాలాచోట్ల ముందు చేతి నుంచి కట్టి, తరువాత క్యూబెక్ రేటు ప్రకారం తిరిగి రాబట్టుకోవాలి. కొత్తగా దిగిన పర్మనెంట్ రెసిడెంటుకు సాధారణంగా అక్కడ మూడు నెలల వరకు ఆరోగ్య బీమా మొదలు కాదు. ఒంటారియో ఆ నిరీక్షణను 2020 మార్చిలో తొలగించింది. కరెంటు చవక, పిల్లల డేకేర్ రోజుకు పది డాలర్ల లోపే అన్న మాటలు నిజమే. కానీ పిల్లలు లేని, భార్య ఇంకా రాని మీకు ఇవాళ వాటి వల్ల ప్రయోజనం తక్కువ.

లీజు గురించి కూడా ఒక మాట. క్యూబెక్‌లో ఇంటి యజమాని డిపాజిట్ అడగకూడదు, మొదటి నెల అద్దె మాత్రమే ముందుగా తీసుకోవచ్చు. ఇది కొత్తవారిని ఆకర్షిస్తుంది. కానీ ఏడాది లీజు గడువు ముగిసే ముందు మూడు నుంచి ఆరు నెలల మధ్య కాలంలో ఖాళీ చేస్తామని రాతపూర్వకంగా తెలపకపోతే, అది మరో ఏడాదికి తనంతట తానే పొడిగింపబడుతుంది. మధ్యలో లీజును వేరొకరికి బదిలీ చేసే హక్కును 2024లో వచ్చిన చట్టం బిగించింది, ఇప్పుడు ఇంటి యజమాని బలమైన కారణం లేకపోయినా ఆ బదిలీని తిరస్కరించవచ్చు, అయితే అలా తిరస్కరిస్తే బదిలీకి మీరు చెప్పిన తేదీతో లీజు రద్దవుతుంది. ఒంటారియోలో మొదటి నెలతో పాటు చివరి నెల అద్దె కూడా ముందే కట్టాలి. అయితే మొదటి ఏడాది గడిచాక లీజు నెలవారీగా మారుతుంది, అరవై రోజుల నోటీసుతో కదలవచ్చు. ఒట్టావాలో చూసేటప్పుడు మాత్రం ఆ ఇల్లు 2018 నవంబరు 15 తరువాత మొదటిసారి నివాసంలోకి వచ్చినదా కాదా అని అడగండి. ఆ తరువాతి ఇళ్లకు అద్దె పెంపు మీద ప్రావిన్సు విధించే వార్షిక పరిమితి వర్తించదు.

మనవాళ్లలో కొందరు ఇచ్చే సలహా ఒకటి మీ చెవిన కూడా పడుతుంది. ఉండేది గాటినోలో, ఫారములో రాసేది ఒట్టావాలోని స్నేహితుడి చిరునామా. దాని జోలికి పోకండి. ఇమిగ్రేషన్ చట్టంలో దానిని తప్పుడు సమాచారం ఇవ్వడం అంటారు, రుజువైతే మీ భార్యకు ఐదేళ్ల నిషేధం పడవచ్చు. పన్ను రిటర్ను, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కొక్కటి ఒక్కొక్క ఊరు చెబుతుంటే అధికారి ప్రశ్నించడం సహజం. నిజంగా ఒట్టావాలో అద్దెకు ఉండి, లీజు, హెల్త్ కార్డు, లైసెన్సు, జీతపు రశీదులు అన్నీ అదే చిరునామాతో ఉంచుకుంటే ఇబ్బందే లేదు. ఆమె పర్మనెంట్ రెసిడెంటుగా దిగిన తరువాత మీ ఇద్దరికీ ఏ ప్రావిన్సులోనైనా నివసించే హక్కు కెనడా రాజ్యాంగమే ఇస్తుంది. అప్పటి పరిస్థితులను బట్టి, పిల్లలు పుట్టాకనో, ఫ్రెంచి నేర్చుకున్నాకనో, గాటినోకు మారాలనుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు. మీరిచ్చిన మూడేళ్ల పోషణ హామీ మాత్రం ఎక్కడికి వెళ్లినా కొనసాగుతుంది.

ఇక మీ రెండవ ప్రశ్న. మీరు పౌరులై ఉంటే, భార్యకు పర్మనెంట్ రెసిడెన్సు వచ్చేనాటికి కెనడాకు తిరిగి వచ్చి నివసిస్తారని ఆధారాలు చూపి, గుంటూరు నుంచే స్పాన్సర్ చేయగలిగేవారు. పర్మనెంట్ రెసిడెంటుకు ఆ అవకాశం లేదు. దరఖాస్తు వేసిన నాటి నుంచి నిర్ణయం వచ్చే వరకు స్పాన్సరు కెనడాలో నివసిస్తూ ఉండాలి. పండుగకో, పెళ్లిరోజుకో కొన్ని వారాలు వెళ్లి రావడం వేరు, ఇక్కడి ఇల్లు వదిలేసి అక్కడ కాపురం పెట్టడం వేరు. వెళ్లి రావడం మంచిదే కూడా. పెద్దలు కుదిర్చిన పెళ్లి తరువాత దంపతులు కలిసి గడిపిన కాలం ఎంత అన్నది అధికారులు తప్పక చూస్తారు, ఆ ప్రయాణపు టికెట్లు, ఫొటోలు మీ బంధం నిజమైనదనడానికి సాక్ష్యాలవుతాయి. ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలన్న నిబంధన మీకు విడిగా ఉండనే ఉంది.

ఒట్టావా నుంచి, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్న ఒక సభ్యుడు

రెండవ సమాధానం

పైన చెప్పిన వాటితో ఏకీభవిస్తూనే, ఆ ఇంట్లోకి రాబోయే మనిషి తరఫున కొంత చెప్పాలనిపించింది. నేను కూడా స్పాన్సర్‌షిప్ మీద వచ్చినదాన్నే, కొంతకాలం గాటినోలో కాపురం చేసినదాన్నే. ఆ ఊరు అందమైనది, మనుషులు మంచివారు, గాటినో పార్కు పక్కనే ఉంటుంది. కానీ ఫ్రెంచి రాని కొత్త కోడలికి అక్కడ మొదటి శీతాకాలం సులభం కాదు. 2022లో చేసిన భాషా చట్టం ప్రకారం, కొత్తగా వచ్చినవారికి ఆరు నెలలు దాటాక క్యూబెక్ ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని మినహాయింపులతో ఫ్రెంచిలోనే ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుతాయి. రేపు పిల్లలు పుడితే వారి ప్రభుత్వ పాఠశాల చదువు కూడా, 1977 నాటి చట్టాన్ని అనుసరించి, ఫ్రెంచిలోనే మొదలవుతుంది.

మీ శ్రీమతి ఫార్మసీ చదివారు గనుక ఇది మరీ ముఖ్యం. ఫార్మసిస్టు లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, ప్రావిన్సు. ఒంటారియోలో పని చేయాలంటే విదేశీ పట్టభద్రులు పీఈబీసీ అనే కెనడా ఫార్మసీ పరీక్షల బోర్డు వారి పరీక్షలు రాసి, ఆపైన ఒంటారియో ఫార్మసిస్టుల కాలేజీ (పేరుకు కాలేజీ అయినా అది లైసెన్సు ఇచ్చే సంస్థ) నిబంధనలు పూర్తి చేయాలి. క్యూబెక్‌లో లైసెన్సు ఇచ్చే ఫార్మసిస్టుల ఆర్డర్ అనే సంస్థది వేరే పద్ధతి, దానికి తోడు ఫ్రెంచి పరిజ్ఞానం నిరూపించుకోవాలి. ఆమె గుంటూరులో ఎదురుచూసే నెలల్లోనే పీఈబీసీకి సర్టిఫికెట్లు పంపి, పట్టా మూల్యాంకనం పూర్తి చేయించుకోవచ్చు. మీరు ఏ ఒడ్డున ఉండబోతున్నారో ఆమెకు ఇప్పుడే తెలియకపోతే ఏ పరీక్షకు చదవాలో ఎలా తెలుస్తుంది? కాబట్టి ఇంటి నిర్ణయం ఆమెతో కూర్చుని, అంటే వీడియో కాల్‌లోనే అయినా, కలిసి తీసుకోండి. అద్దె ఎంత అని అడిగే ముందు బస్సు ఎంత తరచుగా వస్తుంది, నడిచే దూరంలో కూరగాయల దుకాణం, లైబ్రరీ ఉన్నాయా అని చూడండి. కనాటా, బార్‌హేవెన్ వంటి ఒట్టావా శివార్లలో పెద్ద ఇళ్లు దొరుకుతాయి, కానీ మీరు ఉన్న ఒక్క కారు తీసుకుని ఆఫీసుకు వెళితే ఆమె జనవరి నెలంతా కిటికీ దగ్గరే ఉండిపోతుంది. డ్రైవింగ్ వచ్చే వరకు బస్సు సౌకర్యం గల చిన్న ఇల్లే మేలని నా అభిప్రాయం.

గుంటూరు నుంచి తెప్పించవలసిన కాగితాల గురించి కూడా కొంచెం చెబుతాను. గుడిలో ఇచ్చిన పెళ్లి ధ్రువపత్రం ఒక్కటే చాలదు, రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించిన వివాహ ధ్రువపత్రం తీసుకోండి. శుభలేఖను పారేయకండి, అదీ జతచేయవచ్చు. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీలో పొడి అక్షరం మాత్రమే ఉంటే, రెండూ ఒకరివేనని చెప్పే అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోవాలి. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా వస్తుంది. వేలిముద్రలకు, వైద్య పరీక్షకు హైదరాబాదు వెళ్లి రావలసి ఉంటుంది.

ప్రశ్న అడిగిన సభ్యుని నుంచి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గాటినో ఇంటి యజమానికి రావడం లేదని తెలియజేశాను, ఇంకా సంతకం చేయకపోవడం వల్ల ఏ చిక్కూ రాలేదు. ఒక్క సందేహం మిగిలింది. ఆమె ముందుగా విజిటర్ వీసా మీద ఒట్టావా వస్తే, దరఖాస్తును కెనడా లోపలి నుంచి వేసే వర్గంలో వేయాలా, భారతదేశం నుంచి వేసే వర్గంలోనే ఉంచాలా?

మొదటి సభ్యుని సమాధానం

బయటి వర్గంలోనే ఉంచండి. లోపలి వర్గంలో వేస్తే ఆమె మీతో పాటు కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. ఇంట్లో ఏదైనా అవసరమై గుంటూరు వెళ్లినప్పుడు తిరిగి ప్రవేశం దొరక్కపోతే ఆ ఫైలుకే ముప్పు. అంతేకాక బయటి వర్గంలో తిరస్కరణ వస్తే మీరు ముప్పై రోజుల్లోగా ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లవచ్చు, లోపలి వర్గానికి ఆ అప్పీలు లేదు, ఫెడరల్ కోర్టు అనుమతి కోరడం ఒక్కటే దారి. బయటి వర్గంలో దరఖాస్తు ఉండగానే విజిటర్ వీసా అడగడం చట్టవిరుద్ధం కాదు, తాత్కాలికంగా రావడం, శాశ్వతంగా స్థిరపడాలనుకోవడం రెండు ఉద్దేశాలూ ఒకేసారి ఉండవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. వీసా వచ్చి ఆమె మీ దగ్గరకు చేరితే, దరఖాస్తు అందినట్లు ఐఆర్‌సీసీ రసీదు వచ్చాక, ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకునే అవకాశం 2023 నుంచి బయటి వర్గం వారికి కూడా ఉంది. ఇల్లు కుదిరాక చిరునామా మార్పును వెబ్‌ఫారం ద్వారా వెంటనే తెలపండి, బేస్‌మెంటు చిరునామాతో ఫైలు వేసి ఊరుకోవద్దు.