సమస్యాపూరణం: “గోల యనెడి వాఁడె గురువు మనకు”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు కూర్చి దీనికి అర్థం కుదర్చాలి, అదే పూరణ.

గోల యనెడి వాఁడె గురువు మనకు

అంశం కూడా నేనే నిర్ణయిస్తున్నాను. రాక్, పాప్, ర్యాప్, మెటల్... కొత్తగా వచ్చిన ఏ సంగీతమైనా సరే, దాన్ని విని ముందు తరం ముఖం చిట్లించడం. ఒకరి పాటను గోల అని తోసిపుచ్చిన మనిషిని గురువు అని ఎలా అంటాం? చిక్కు అక్కడ ఉంది. పెద్దలను తిట్టడానికి మాత్రం ఈ సమస్య ఇవ్వలేదు. ఆ పని పద్యం లేకుండా కూడా చేయవచ్చు.

మరచిపోయినవారికి: లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (పొడుగు అక్షరాలు) కలిసిన చిన్న గుంపు గణం. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అది పాదం మొదటి అక్షరంతో పొంది కుదరాలి. వాద్యాల పేర్లు ఏ భాషవైనా వాడుకోవచ్చు, గణం తప్పితే బాధ్యత మీది.

నిన్నటి కుర్రాడు:

నిన్న తాను విన్న నిప్పుల పాటను
పెద్దలెవరు మెచ్చి పిలువలేదు
నేఁడు మనది వినుచు నెత్తి కొట్టుకొనుచు
గోల యనెడి వాఁడె గురువు మనకు

1957 జనవరిలో అమెరికా టీవీ ఎల్విస్ ప్రెస్లీని నడుము పై భాగం వరకే చూపించింది. కింది భాగం కదలికలు పిల్లలను చెడగొడతాయని భయం. ఆ రోజు ఇంట్లో తిట్లు తింటూ అతని పాట విన్న పిల్లలే తరువాత తల్లిదండ్రులయ్యారు, తమ పిల్లల గదిలోంచి వచ్చే హెవీ మెటల్‌కు చెవులు మూసుకున్నారు. నా పద్యం వాళ్ల గురించి.

యతిరక్షకుడు:
నిన్నటి కుర్రాడు గారూ, గణాలు, యతులు నిక్షేపంగా ఉన్నాయి. ‘నిప్పుల పాట’ బాగుంది. కానీ సమస్య బరువంతా ‘గురువు’ మీద ఉంది, మీరు ‘గోల’ను సాధించి గురువును గాలికి వదిలేశారు. మూడు పాదాలు అతని కపటాన్ని చెప్పాయి, నాలుగో పాదం హఠాత్తుగా దండం పెట్టింది. ఎందుకు పెట్టాలి? హేతువు పద్యంలోనే ఉండాలి. కింద రాసే వివరణలో ఉంటే చాలదు.

నిన్నటి కుర్రాడు:
ఒప్పుకుంటున్నాను. మూడో పాదం మారుస్తున్నాను.

నిన్న తాను విన్న నిప్పుల పాటను
పెద్దలెవరు మెచ్చి పిలువలేదు
రేపటి మన రూపు రెప్పపాటునఁ జూపి
గోల యనెడి వాఁడె గురువు మనకు

యతిరక్షకుడు:
ఇది పూరణ. అద్దం పట్టినవాడు కాబట్టి గురువు. నెత్తి కొట్టుకోవడం పోయినందుకు నాకేమీ బాధ లేదు.

చిరులఘువు:
‘రెప్పపాటున’ అతిశయోక్తి కాదా? ఒక తరం మారడానికి పాతికేళ్లు పట్టదా?

ముసలిచెవి:
నాయనా, నా అనుభవంలో రెప్పపాటే.

తీగతెంపరి:

చిల్లు పడిన పెట్టె చిందించు నాదమ్ము
పగులు గొంతులోనఁ బలుకు మనసు
విన్నవారికెల్ల వేడుకే, యిది కాదు
గోల యనెడి వాఁడె గురువు మనకు

మొదటి పాదం కల్పన కాదు. 1964లో ఇంగ్లండు రాక్ బృందం కింక్స్‌లోని గిటారిస్టు డేవ్ డేవీస్ తన స్పీకరు కాగితపు శంకువును బ్లేడుతో కోశాడు. గిటారు శబ్దం గరగరలాడుతూ, చిరిగినట్టుగా బయటికి వచ్చింది. యంత్రం పాడైతే వచ్చే శబ్దాన్ని కావాలని పుట్టించడం అన్నమాట. పెద్దవాళ్లకు అది మరమ్మతు చేయవలసిన లోపంలా వినిపించింది. పిల్లలకు అదే పాటలా వినిపించింది. ఆ గరగర కోసమే ప్రత్యేకంగా పరికరాలు కూడా తయారుచేసి అమ్మారు.

చిరులఘువు:
‘ఇది కాదు గోల’ అనెడివాడు! అర్థమే తిరగబడింది. అద్భుతం!

యతిరక్షకుడు:
చప్పట్లు కొంచెం ఆగనివ్వండి. మూడో పాదం చివర ‘కాదు’ తగిలించి సమస్యను తలకిందులు చేయడం అవధానాలు వినేవారందరికీ తెలిసిన ఉపాయమే. శాస్త్రం ఒప్పుకుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇది సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు పన్నిన ఉచ్చును విప్పడం కాదు, దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోవడం. గోల అన్నవాడిని గురువును చేయమంటే, గోల కాదన్నవాడిని తెచ్చి కూర్చోబెట్టారు. అతడు గురువైతే ఆశ్చర్యం ఏముంది?

అయినా ఈ పద్యం మొదటి పాదం కోసం దాచుకుంటాను. ‘చిల్లు పడిన పెట్టె చిందించు’ అనడంలో చిల్లు కుండ కారినట్టు నాదం కారుతోంది. ఆ క్రియ ఎంపిక మామూలుది కాదు.

చిరులఘువు:
నాది మొదటి పద్యం. కొట్టకండి.

గిటారు తీగ మీట గిలిగింత పుట్టును
డ్రమ్ము దెబ్బ తగిలి గుండె మోగు
చెవులు మూసికొనుచుఁ జిందులు వేయుచు
గోల యనెడి వాఁడె గురువు మనకు

యతిరక్షకుడు:
కొట్టను. ముందు మూడో పాదానికి నమస్కారం. చేతులు చెవుల మీద, కాళ్లు తాళం మీద! మనిషి ఒప్పుకోకపోయినా ఒళ్లు ఒప్పేసుకుంది. నాలుగైదు ఉపన్యాసాలతో కూడా చెప్పలేని మాట ఇది. నోటితో గోల అంటూనే కాలితో పాఠం చెబుతున్నాడు కాబట్టి గురువు. హేతువు కూడా కుదిరింది, మీకు తెలిసి కుదిరిందో తెలియక కుదిరిందో.

ఇక దోషాలు. ‘గిటారు’ లఘువు, గురువు, లఘువు. అది జగణం. సూర్యగణాలు రెండే, నగణం (మూడు లఘువులు), హగణం (గురువు, లఘువు), కనుక పద్యం గుమ్మంలోనే గణం తప్పింది. ‘గిట్టారు’ అని సాగదీయవద్దు, చెవికి బాధ. ఇటువంటి మాటను ఒకే గణంలో కుక్కకుండా రెండు గణాల మీదుగా పరచాలి. ముందు ఒక గురువును నిలబెట్టండి: ‘ఆ గిటారు’. ఇప్పుడు ‘ఆగి’ ఒక హగణం, ‘టారు’ ఇంకొక హగణం.

రెండో పాదంలో ‘డ్ర’కు ‘గుం’ యతి చెల్లదు. అయితే డ్ర సంయుక్తాక్షరం, అందులోని రేఫకు (రకారానికి) కూడా యతి వేయవచ్చు. ఆ వెసులుబాటు వాడుకోండి.

చిరులఘువు:
ప్రయత్నించాను.

ఆ గిటారు మీట నణువణువునుఁ బొంగు
డ్రమ్ము దెబ్బ గుండె రమ్మనంగ
చెవులు మూసికొనుచుఁ జిందులు వేయుచు
గోల యనెడి వాఁడె గురువు మనకు

యతిరక్షకుడు:
‘డ్రమ్ము... రమ్మనంగ’! యతి కోసం వెతికితే డ్రమ్మే పిలిచింది. రెండో పాదం చివర ద్రుతం (నకారం) తెచ్చి ‘రమ్మనంగఁ / జెవులు’ అంటే ఇంకా శుద్ధంగా ఉంటుంది. మొదటి పద్యానికి అంత పట్టుదల నాకు లేదు.

ముసలిచెవి:
ఇంతమంది నా గురించి మాట్లాడుకుంటుంటే నేను ఊరుకుంటే బాగుండదు.

చెవులు ముదిరినంతఁ జిఱుతీగ వినరాదు
పడుచునాఁటి పాట పట్టువిడదు
తప్పు చెవిది యనుచుఁ దాఁచక తెలుపుచు
గోల యనెడి వాఁడె గురువు మనకు

మొదటి పాదం శరీరధర్మం. పసితనంలో మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్‌జ్ వరకు అందుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ పైనుంచే, అంటే సన్నని స్వరాలనుంచే, వినికిడి తరుగుతుంది. తాళపు పళ్లేల మెరుపు, హల్లుల అంచు ముందుగా పోతాయి. మిగిలేది గుబగుబ. పాటలో మాట తెలియక గుబగుబ ఒక్కటే తెలిస్తే ఎవరికైనా గోలే.

రెండో పాదం మనసుది. పెద్దవయసులో జీవితాన్ని తలచుకొమ్మంటే, పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జ్ఞాపకాలే ఎక్కువగా పైకి వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ వయసులో విన్న పాట మీద మొదటి స్నేహం, మొదటి అవమానం, ఒంటరి రాత్రి అన్నీ అంటుకుని ఉంటాయి. దానితో పోటీకి నిన్న పుట్టిన పాటను నిలబెట్టి న్యాయం చెప్పమంటే నేనేం చెప్పను? నాకు గోలగానే ఉంది. కానీ ఆ లోపం పాటదని అనను. అంతే నా పద్యం.

నిన్నటి కుర్రాడు:
పద్యానికి దండం. వాదానికి చిన్న అడ్డు. గోల అనేది వయసుతో వచ్చే జబ్బైతే 1979 జూలై 12న షికాగోలో జరిగినదాన్ని ఏమంటారు? బేస్‌బాల్ మైదానం మధ్యలో డిస్కో రికార్డులను పెట్టెలో పోసి పేల్చారు. జనం మైదానంలోకి దూకారు, రెండో ఆట రద్దయింది. దూకినవాళ్లలో ఎక్కువమంది రాక్ అభిమానులైన కుర్రాళ్లు. వాళ్ల చెవులకు ముదిమి రాలేదు గదా! పైగా డిస్కో నల్లజాతివారి నృత్యశాలల్లో, స్వలింగసంపర్కుల నృత్యశాలల్లో పెరిగిన సంగీతం. ‘ఇది పాట కాదు’ అన్న కేకలో ‘వీళ్లు మనవాళ్లు కారు’ అన్న కేక కూడా కలిసి ఉందని ఆనాటినుంచీ విమర్శకులు అంటున్నారు.

ముసలిచెవి:
ఆ గోల నాది కాదు. నాది వినబడక అన్నది. వాళ్లది వినకుండా అన్నది. రెండోదానికి నా పద్యం పూచీ పడదు, అతణ్ని గురువు అనను కూడా.

యతిరక్షకుడు:
ఈ రెండు వాక్యాలు పద్యంలో ఉండి ఉంటే నేను కలం మూసేసేవాణ్ని.

ద్విపదాభిమాని:

ఆటవెలఁది పేర నమరిన పద్యమ్ము
వృత్తములకు నెదుట వెలితి యనిరి
చిందు నేర మనుచుఁ జెవిఁ జేర్చకే నేఁడు
గోల యనెడి వాఁడె గురువు మనకు?

కాకుస్వరంతో, అంటే ఎదురు ప్రశ్నించే గొంతుతో, చదవాలి. ఆటవెలది అంటే నర్తకి. నర్తకి పేరు పెట్టుకున్న ఛందస్సులో కూర్చుని, కొత్త పాటకు చిందు వేసేవాణ్ని ఆక్షేపిస్తామా?

యతిరక్షకుడు:
నాలుగో పాదానికి ప్రశ్నార్థకం పెట్టి గట్టెక్కారు. ‘కాదు’ తగిలించడం కన్నా ఇది నాకు నచ్చింది, సమస్యలో ఒక్క అక్షరం కదలలేదు, గొంతు మాత్రమే మారింది. కానీ రెండో పాదం చరిత్రకు నిలవదు. ఆటవెలదిని వెలితి అన్నది ఎవరు? నన్నయే తన భారతంలో వృత్తాల పక్కన దాన్ని కూర్చోబెట్టాడు. చిన్నచూపుకు గురైనది మీరు పేరు పెట్టుకున్న ద్విపద. పాల్కురికి సోమనాథుడు రెండు పెద్ద కావ్యాలను దానిలోనే రాయడం వెనక ఆ పంతం ఉంది. నర్తకి పేరు మీద మోజుతో సాక్ష్యాన్ని మార్చారు.

ద్విపదాభిమాని:
మార్చాను. దొరికాను.

తీగతెంపరి:
పాతదంతా మంచిదీ కాదు, కొత్తదంతా చెడ్డదీ కాదు అని కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో ఏనాడో అన్నాడు గదా, ఆ మాట ఎవరూ తేలేదేమి?

నిర్వాహకుడు:
ఎవరో ఒకరు తెస్తారని మొదటి రోజే అనుకున్నాను. తెచ్చారు, సంతోషం. ఎదుటి పక్షానికి ప్లేటోను కూడా పిలవండి. సంగీతపు పద్ధతులు మారితే రాజ్యపు మూలశాసనాలు కదులుతాయని ఆయన భయం. ఒక విధంగా చూస్తే పాటకు ఇంతకన్నా పెద్ద పొగడ్త ఎవరూ ఇవ్వలేదు.

మూసిన తలుపు:
ఆలస్యంగా వచ్చాను. మా బృందం సాధన చేసుకునే గది తలుపు మీద ఇంట్లోవాళ్లు కొట్టని రోజు లేదు.

మెప్పు పొందినంత మెత్తఁబడునుఁ బాట
తిట్టు తగిలినపుడె దిటవు కలుగు
తలుపు మూసి లోనఁ దాళమ్ము వేయించు
గోల యనెడి వాఁడె గురువు మనకు

1966 మేలో మాంచెస్టర్ సభలో, జానపద గీతాలతో పేరు తెచ్చుకున్న బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టుకుంటే శ్రోతల్లోంచి ఒకడు ‘జూడాస్!’ అని అరిచాడు. ద్రోహి అని ఆ మాటకు అర్థం. ‘గట్టిగా వాయించండి’ అని బృందానికి చెప్పిన మాట, వెంటనే విరుచుకుపడిన పాట ఇప్పటికీ రికార్డింగులో వినవచ్చు. 2016లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం ఆ కేకే ఎక్కువ ఇష్టం.

యతిరక్షకుడు:
రెండుసార్లు చదివాను. ‘తాళమ్ము వేయించు’లో శ్లేష ఉంది. తలుపుకు తాళం వేయించాడు, ఆ తాళమే లోపల పాటకు లయ అయింది. గోల అనకపోతే తలుపు మూసేవారు కాదు, మూయకపోతే సాధన లేదు. గురుత్వానికి కారణం క్రియలోనే దాగి ఉంది, పైకి చెప్పనక్కరలేకపోయింది. మొదటి రెండు పాదాలు సూక్తిలా బిగుసుకున్నాయి, అది నాకు కొంచెం అయిష్టం. మూడోది వాటికి గాలి ఆడేటట్టు చేసింది.

చిరులఘువు:
శ్లేష నాకు మీరు చెప్పేదాకా తెలియలేదు. తెలిశాక నవ్వు ఆగడం లేదు.

ముసలిచెవి:
మూసిన తలుపు గారూ, తాళం మీ దగ్గర ఉంచుకోండి. చెవి తలుపుకు ఇవతల నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా బయటికి రావాలనిపిస్తే పిలవండి, కొంచెం గట్టిగా పిలవండి.