అంగారకుడికి మనుషులను పంపాలంటే అణు విద్యుత్ చోదనమే దారా?

కక్ష్యాచారి: రసాయన రాకెట్‌తో ఒకవైపు ప్రయాణానికే ఆరేడు నెలలు. 2011-12లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్లే దారిలో కొలిచిన రేడియేషన్ రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు. రోజులు తగ్గించడమే మందు. అణు రియాక్టర్ కరెంటుతో జినాన్ వాయువు అయాన్లను (విద్యుదావేశమున్న కణాలను) వెనక్కి తరిమే ఇంజన్లే గతి. గ్రహశకలాల దగ్గరకు వెళ్లిన నాసా డాన్ నౌకలో అయాన్ ఇంజన్లు ఏళ్ల తరబడి పనిచేశాయి కదా!

వేడిగొట్టం: డాన్ ఇంజన్ తోపు అరచేతిలో కాగితం బరువంత. దానికి సౌరఫలకాలు చాలాయి. మనుషుల నౌకకు మెగావాట్లు కావాలి. 25 శాతం సామర్థ్యంతో ఒక మెగావాట్ తీస్తే మూడు మెగావాట్ల వేడి మిగులుతుంది. శూన్యంలో గాలీ నీరూ ఉండవు, రేడియేటరే దాన్ని వెదజల్లాలి. రేడియేటర్ ఉష్ణోగ్రత 500 కెల్విన్ అయితే, ఏ లోపమూ లేదనుకున్నా, 420 చదరపు మీటర్ల పలక కావాలి.

కక్ష్యాచారి: 800 కెల్విన్‌కు పెంచండి. వైశాల్యం ఆరున్నర రెట్లు తగ్గుతుంది.

వేడిగొట్టం: సామర్థ్యం కూడా తగ్గుతుంది. లేదా రియాక్టర్‌ను ఇంకా వేడెక్కించాలి. తట్టుకునే లోహం మీరిస్తారా?

సందేహి: అసలు ఆ రియాక్టర్ నేల మీద పడితే? 1978లో రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మాస్ 954 కెనడాలో పడలేదా?

కక్ష్యాచారి: అది అప్పటికే నడిచి రేడియోధార్మికత నిండిన రియాక్టర్. ఇప్పటి ప్రతిపాదనల్లో కక్ష్య చేరాకే మొదలుపెడతారు. వేడిగొట్టం గారూ, 1965లో అమెరికా రియాక్టర్ స్నాప్-10ఏ కక్ష్యలో 43 రోజులు నడిచింది. అమెరికా మళ్లీ ఒక్కటీ కక్ష్యలో పెట్టలేదు. మీలాంటి వారి లెక్కలతోనే అరవై ఏళ్లు గడిచిపోయాయి!

వేడిగొట్టం: నాలాంటి వారా? ఆరేళ్లు రియాక్టర్ వేడిని రేడియేటర్‌కు మోసే సోడియం గొట్టాలే చేశాను. ఒక రాత్రి అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. సోడియం ఆవిరై శూన్యపు గది కిటికీ అద్దానికి వెండి పూతలా పట్టేసింది. నెల తిరగకుండా పథకాన్నే మూసేశారు. అద్దం తుడిచింది నేనే. ముందు సరుకు నౌకకు పెట్టండి, పదేళ్లు ఎవరూ ముట్టకుండా నడవనివ్వండి. మనుషుల సంగతి ఆ తరువాత.

నీలిదీపం: ఇది సబబుగానే ఉంది.

కక్ష్యాచారి: మీకు సబబే. నాకు అరవై ఎనిమిది. పదేళ్లు సరుకు, ఆపై మరో పదేళ్ల పరీక్షలు. మనిషి అక్కడ దిగడం నేను చూడాలి. నా తొందర అదే, రేడియేషన్ కాదు.

వేడిగొట్టం: ఆ మాట మొదటే అనవలసింది. మీరు చూడడం కోసం నలుగురిని ఆ అతుకు పక్కన కూర్చోబెట్టలేను.

సందేహి: ఇంతకీ ఆ 420 ఒక పక్కకా, రెండు పక్కలకా?

వేడిగొట్టం: పలక వైశాల్యం అది. వేడి రెండు పక్కలా పోతుంది.