పథకం ఎక్కడ అడ్డం తిరగాలి?

ప్రశ్న: మారతహళ్ళి రచయిత

బెంగళూరులో లీజు ఇళ్ళ పేరిట జరిగే మోసం ఇతివృత్తంగా ఒక చిన్న నవల రాస్తున్నాను. ఇక్కడ ఉండేవారికి ఈ పద్ధతి తెలిసిందే: నెలనెలా అద్దె కట్టే బదులు ఒకేసారి పెద్ద మొత్తం యజమానికి ఇచ్చి, గడువు తీరాక ఆ సొమ్మును వడ్డీ లేకుండా వెనక్కి తీసుకుంటారు. నా కథలో అనంతపురం నుంచి వచ్చిన బ్రోకరు ఒకడు, విదేశాల్లో ఉంటున్న యజమానుల ఫ్లాట్లను నెలకు 25 వేల అద్దెకు తీసుకుని, అవే ఫ్లాట్లను తానే యజమాని ప్రతినిధినంటూ 15 లక్షల లీజుకు మనవాళ్ళ కుటుంబాలకే ఇస్తూ ఉంటాడు. యజమానికి ఐదో తేదీ దాటకుండా అద్దె పడుతుంది, దిగినవారికి నెల తిరిగేసరికి అద్దె గొడవ ఉండదు, కాబట్టి రెండు వైపులా అతనికి మంచి పేరే. అయితే రెండేళ్ళలో ఒక్కో ఫ్లాటు మీద 6 లక్షలు అద్దెకే పోతాయి గనుక, ఖాళీ చేసే కుటుంబానికి సొమ్ము తిరిగి ఇవ్వాలంటే కొత్త కుటుంబం దొరికి తీరాలి.

చిక్కంతా ఇతని పతనం దగ్గరే వచ్చింది. ప్రస్తుత ప్రతిలో, ఊరికి వెళ్ళే రైల్లో ఒక పోలీసు అధికారి పాత కేసు ఆధారంగా ఇతణ్ణి గుర్తుపడతాడు. చదివిన మిత్రులిద్దరూ ఆ రైలు దగ్గరే ప్రతిని పక్కన పెట్టేశారు. మోసగాళ్ళ కథల్లో పథకం చెడడానికి కారణం ఎక్కడి నుంచి రావాలి? పరిశోధకుడి తెలివి నుంచా, భాగస్వామి ద్రోహం నుంచా, లేక మరెక్కడి నుంచైనా రావచ్చా?

జవాబు: జయనగర పాఠకుడు

రైలు తీసేయండి. ఆ అధికారితో మీకు పనే లేదు, ఎందుకంటే మీ పథకంలో పగులు మొదటి రోజు నుంచే ఉంది: యజమానీ, లీజుకు దిగినవారూ ఎన్నడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఈ ఊరి అపార్టుమెంటులో రెండేళ్ళపాటు ఆ ఇద్దరినీ కలవకుండా చూడడం ఎంత చాకిరీయో ఆలోచించండి. గ్యాస్ కనెక్షనుకూ, ఆధార్‌లో చిరునామా మార్పుకూ ఒప్పంద పత్రం అడుగుతారు. పత్రంలో యజమాని పేరు చూసినవారికి ఆయన ఫోన్ నంబరు కూడా కావాలనిపిస్తుంది. పై ఫ్లాటు బాత్‌రూం నీళ్ళు కింది వారి పడకగదిలోకి కారితే అసోసియేషన్ వారు ముందు యజమానికే ఫోన్ చేస్తారు. మెయింటెనెన్స్ బాకీ పడితే వాట్సాప్ గ్రూపులో ఫ్లాటు నంబరుతో సహా పెడతారు. మీ బ్రోకరు వీటన్నిటికీ తానే పరుగెత్తాలి, ప్లంబరు కూలీ తన జేబులోంచే ఇవ్వాలి. అంత మంచి బ్రోకరు లోకంలో ఉండడు గనుక, ఆ ఇంట్లో ఎవరో ఒక అత్తగారికి అనుమానం రావాలి.

కానన్ డాయిల్ 1891లో రాసిన ఎర్రజుట్టువారి సంఘం కథను ఈ దృష్టితో మరొకసారి చదవండి. ఒక తాకట్టు వ్యాపారిని రోజూ నాలుగు గంటలపాటు దుకాణానికి దూరంగా ఉంచి, ఆ సమయంలో అతని ఇంటి కింద నుంచి బ్యాంకు నేలమాళిగలోకి సొరంగం తవ్వడం దొంగల ఎత్తు. అందుకోసం ఎర్రజుట్టు ఉన్నవారికి ఒక సంఘం ఉందని నమ్మించి, విజ్ఞాన సర్వస్వాన్ని చూసి రాసే పని అప్పగించి, వారానికి నాలుగు పౌండ్లు చేతిలో పెడతారు. తవ్వకం పూర్తవగానే సంఘం రద్దయిందని తలుపుకు అట్ట తగిలించి మాయమవుతారు. మరో వారం ఆ జీతం ఇచ్చి ఉంటే ఆ వ్యాపారి డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ గడప తొక్కేవాడే కాదు. ఆ అట్ట అతణ్ణి హోమ్స్ దగ్గరకు పంపడమే కాక, సొరంగం సిద్ధమైందన్న రహస్యాన్ని కూడా బయటపెట్టింది. హోమ్స్ తెలివిని నేను తక్కువ చేయడం లేదు గాని, అతనికి పని అప్పగించింది దొంగల పిసినారితనమే. మీ బ్రోకరు ఏ ఖర్చు దగ్గర వెనకాడతాడో వెతకండి.

జవాబు: ఒక న్యాయవాది, బెంగళూరు

తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వలేకపోవడం వేరు, మొదటి నుంచే వంచించే ఉద్దేశంతో తీసుకోవడం వేరు. రెండోది చూపించగలిగితేనే అది మోసం అనే నేరమవుతుంది. పాత శిక్షాస్మృతిలో 420వ సెక్షన్ కిందకు వచ్చే ఈ నేరం, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ కిందకు వస్తుంది. అందుకే ఒక్క కుటుంబం స్టేషనుకు వెళితే, ఇది సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోండి అన్న మాట తరచుగా వినవలసి వస్తుంది. అదే బ్రోకరు మీద, అదే రకం పత్రాలతో పది కుటుంబాలు కలిసి వెళితే ఉద్దేశం దానంతట అదే కనిపిస్తుంది. కాబట్టి మీ నవలలో మలుపు మొదటి బాధితుడికి కోపం రావడం దగ్గర కాదు, అతనికి రెండో బాధితుడు తారసపడడం దగ్గర ఉంటుంది.

మరొక వివరం. ఏడాదికి మించిన లీజు పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి మనవాళ్ళు 11 నెలల ఒప్పందం రాసుకుని, గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటారు. మీ బ్రోకరు బతికేదే ఈ అలవాటు మీద. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళవలసి వస్తే యజమాని గాని, ఆయన అధికారపత్రం గాని అక్కడ ఉండాలి.

పగులు పథకం లోపలే ఉంటుందని జయనగర వారు చెప్పినదానికి వాస్తవ చరిత్రలోనూ సాక్ష్యం ఉంది. 45 రోజుల్లో 50 శాతం లాభమని బోస్టన్ ప్రజలను ఊరించిన చార్లెస్ పాంజీ, 1920లో తన మీద సందేహాలు పెరిగినప్పుడు పేరు నిలుపుకోవడానికి ఒక ప్రచార సలహాదారును పెట్టుకున్నాడు. ఆ సలహాదారే లోపలి లెక్కలు చూసి, ఇతను పీకలదాకా అప్పుల్లో ఉన్నాడని పత్రికలో రాశాడు.

జవాబు: మైలాపూరు పాఠకురాలు

జయనగర వారితో నేను సగమే ఏకీభవిస్తాను. పథకంలో పగులు ఉండి తీరాలని ఏమీ లేదు. అనుకున్నది అనుకున్నట్టు జరగడం వల్ల కూడా కొంపలు మునుగుతాయి. కన్యాశుల్కంలో కరటకశాస్త్రి పన్నిన ఎత్తు పారింది. శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్ళికూతురుగా అంటగట్టాడు, అదే ముసలివాడితో కుదిరిన తన మేనకోడలు సుబ్బి పెళ్ళి తప్పిపోయింది, శిష్యుడు వేషం తీసేసి క్షేమంగా బయటపడ్డాడు. అంత చక్కగా బయటపడడం వల్లనే, కనిపించకుండా పోయిన పెళ్ళికూతుర్ని చంపాడన్న నేరం లుబ్ధావధాన్ల మెడకు చుట్టుకుంది. అసలు లేని పిల్లను చంపినందుకు ఒక ముసలివాడు ఖూనీ కేసులో ఇరుక్కున్నాక, నిజం చెబితే కరటకశాస్త్రి గుట్టు పోతుంది, చెప్పకపోతే ఆ ముసలివాడి ప్రాణం పోతుంది. మీ బ్రోకరును ఇటువంటి ఇరకాటంలోకి నెట్టి చూడండి. పోలీసులు వచ్చారా లేదా అన్నది ఆ తరవాత చిన్న విషయమవుతుంది.

ఇంకా వెనక్కి వెళితే దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో అపహారవర్మ అనే గడుసు దొంగ ఉన్నాడు; కేతన 13వ శతాబ్దంలోనే ఆ కావ్యాన్ని తెలుగు చేశాడు. బంగారమిచ్చే తోలుసంచి ఒకటి ఉందనీ, అన్యాయంగా గడించినదంతా ముందుగా తిరిగి ఇచ్చేసినవారికే అది ఫలిస్తుందనీ అతను పుకారు పుట్టిస్తాడు. కామమంజరి అనే వేశ్య ఆ సంచికి ఆశపడి, తాను ఒలుచుకున్న సొమ్మును తన చేతులతోనే వాపసు చేస్తుంది. ఇంత పకడ్బందీ మనిషి తరవాత ఒక రాత్రి తాగిన మైకంలో కత్తి దూసి నగర కావలివాళ్ళ మీద పడి పట్టుబడతాడు. ఇది మీ రైలులాంటి యాదృచ్ఛికం కాదు. వరుస గెలుపులు తలకెక్కిన మనిషి చేసే పనే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రైలు పోయింది. అతని మంచి పేరే అతణ్ణి ముంచేలా కొత్త ముగింపు ఆలోచించాను: అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం కానందుకు సంతోషించిన ఒక యజమాని, తన రెండో ఫ్లాటు కూడా ఇతని చేతిలోనే పెడదామని డిసెంబరు సెలవుల్లో అమెరికా నుంచి వచ్చి, చెప్పాపెట్టకుండా పిల్లలకు తమ ఇల్లు చూపించడానికి వెళతాడు. తలుపు తీసేది ఆ అత్తగారే. ఈ ఘట్టాన్ని ఎవరి వైపు నుంచి చెబితే బాగుంటుంది?

జవాబు: మైలాపూరు పాఠకురాలు

అత్తగారి వైపు నుంచే చెప్పండి. ఆ 15 లక్షల్లో ఆవిడ ఊళ్ళో అమ్మిన పొలం డబ్బు కూడా ఉండి ఉంటే, మోసగాడి మీద పాఠకుడు అప్పటిదాకా పెంచుకున్న ముచ్చట అక్కడ కొంత తగ్గాలి.

జవాబు: ఒక న్యాయవాది, బెంగళూరు

నెల బాగా ఎంచుకున్నారు. డిసెంబరు చివర హైకోర్టుకు శీతాకాలపు సెలవులుంటాయి గనుక, సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు దొరకకపోతే మీ బ్రోకరు సెలవుల బెంచి కూర్చునే రోజు కోసం కాచుకోవాలి. ఈలోగా అతను ఎక్కడ తలదాచుకుంటాడన్నది విడిగా ఒక అధ్యాయానికి సరిపోతుంది. అతని దగ్గర ఖాళీ ఫ్లాట్ల తాళాలు ఎన్నో ఉంటాయి కదా.