పాత హెచ్‌ఓ (1:87 నమూనా రైలు) ఇంజిన్లు రెండు: ఒకటి టక్‌టక్‌మంటోంది, ఇంకోటి మొండికేస్తోంది. డిటెయిలింగ్‌కి (బాడీ మీద చిన్న భాగాలు చక్కదిద్దే పనికి) ముందు ఏం చూడాలి?

పొగబండి87

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న రెండు హెచ్‌ఓ ఇంజిన్ల గురించి సలహా కావాలి. రెండూ 12 వోల్టుల డీసీవే.

మొదటిది నాలుగు ఇరుసుల డీజిల్. మధ్యలో మోటార్, దానికి రెండు పక్కలా ఫ్లైవీల్, రెండు ట్రక్కులకీ (చక్రాల బోగీలకి) డ్రైవ్ ఉంది. నడుస్తుంది గానీ టక్, టక్ అని చప్పుడు చేస్తూ కుంటుతోంది. హెడ్‌లైట్ మిణుకుమిణుకుమంటోంది.

రెండోది బాగా పాత స్టీమ్ ఇంజిన్, మూడు పోల్స్ ఓపెన్ ఫ్రేమ్ మోటార్. కరెంటిస్తే ఒక్కోసారి కదలదు. చక్రాన్ని వేలితో కాస్త తోస్తే అందుకుంటుంది. ఆగిన చోటుని బట్టి మళ్ళీ అదే తంతు.

డీజిల్ బాడీ మీద అచ్చులోనే పోసిన గ్రాబ్ ఐరన్లు (చేత్తో పట్టుకునే కడ్డీలు) చెక్కేసి వైరువి పెట్టాలని, డీసీసీ (పట్టాల మీదుగా డిజిటల్ ఆదేశాలతో నడిపే పద్ధతి) డీకోడర్ వేయాలని ఉంది. దాని పైకప్పుకి పాత ప్యాకింగ్ ఫోమ్ జిగురులా అంటుకుపోయింది.

ఏ పని ముందు? గేరు పగిలి ఉంటే సూపర్ గ్లూతో అతికించవచ్చా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అంతా కడిగేయవచ్చా?

---

వార్మ్‌గేర్

మెకానిజం ముందు, డిటెయిలింగ్ ఆఖర్న. ట్రక్కులు విప్పి బిగించేటప్పుడు బాడీని పదిసార్లు తిరగేసి పట్టుకోవాలి. అప్పటికే వైరు గ్రాబ్ ఐరన్లు పెట్టేసి ఉంటే సగం వంకరపోతాయి.

టక్‌టక్ సంగతి. విప్పకముందే ఆ చప్పుడు ఎంత దూరానికి ఒకసారి వస్తోందో కొలవండి. హెచ్‌ఓలో డీజిల్ చక్రం సాధారణంగా 11.7 మి.మీ. వ్యాసం ఉంటుంది, అంటే ఒక చుట్టుకి సుమారు 37 మి.మీ. పట్టా పక్కన స్కేలు పెట్టి, ఇంజిన్‌ని వీలైనంత నెమ్మదిగా నడపండి. 37 మి.మీ.కి ఒక్కో టక్ వస్తే తప్పు ఇరుసు గేరులో ఉంది. ఆ దూరంలో పది పన్నెండు సార్లు టకటకమంటే అది వార్మ్ (స్క్రూ లాంటి గేరు) దగ్గరో మోటార్ షాఫ్ట్ దగ్గరో వస్తున్న చప్పుడు, ఎందుకంటే చక్రం ఒక్క చుట్టు తిరిగే లోపు మోటార్ అన్నిసార్లు తిరుగుతుంది.

నా అంచనా మాత్రం ఇరుసు గేరే. ఈ తరహా ఇంజిన్లలో ఇరుసు ఒకే ముక్క కాదు. మధ్యలో ప్లాస్టిక్ గేరు, దాని గొట్టంలోకి రెండు వైపుల నుంచీ బిగించి నొక్కిన అర ఇరుసులు ఉంటాయి. లోహం లోపల నుంచి ఏళ్ళ తరబడి తోస్తూనే ఉంటుంది, ప్లాస్టిక్ పాతబడి పొడవునా చీలుతుంది. చీలిక పడిన చోట రెండు పళ్ళ మధ్య సందు వెడల్పవుతుంది. పక్క గేరు పన్ను ఆ సందులోకి వచ్చినప్పుడల్లా సరిగ్గా కూర్చోక ఎక్కి దిగుతుంది, అదే మీకు వినిపించే టక్. చీలిక వెంట్రుకంత ఉంటుంది కాబట్టి గేరుని వెలుతురుకి పెట్టి, చక్రాలని రెండు చేతులతో కొంచెం మెలిపెడుతూ భూతద్దంతో చూడాలి. మెలిపెట్టినప్పుడు ఒక చక్రం విడిగా తిరిగితే ఇక చూడక్కర్లేదు, పగిలిందన్నమాటే.

సూపర్ గ్లూ ఎందుకు పనికిరాదంటే, ఈ గేర్లు చాలావరకు అసిటాల్ లేదా నైలాన్. జిగురు వాటిని పట్టుకోదు. కాసేపు పట్టినట్టు కనిపించినా లోపలి ఒత్తిడి అలాగే ఉంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. పైగా పళ్ళ మధ్యకి కారిన జిగురు పక్క గేరుని కూడా తినేస్తుంది. మార్చడమే దారి. కొత్తది కొనేముందు మూడు కొలతలు రాసుకోండి: పళ్ళ సంఖ్య, గేరు బయటి వ్యాసం, అర ఇరుసు మందం. ఒకటి పగిలిందంటే మిగతా మూడూ అదే వయసువి, నాలుగూ కలిపి మార్చేయండి.

కొత్త గేరులోకి అర ఇరుసుని నొక్కే ముందు దాని కొసన గరుకు గీతలుంటే సన్నటి ఎమరీతో కాస్త నునుపు చేయండి. బిగువు తగ్గాలి గానీ వదులు కాకూడదు. సుత్తి ముట్టుకోవద్దు, వైస్ దవడల మధ్య నిటారుగా పెట్టి నెమ్మదిగా నొక్కాలి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 నుంచి 14.5 మి.మీ. రావాలి. అంతకంటే తక్కువైతే పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గర చెక్ రైలుకి (చక్రాన్ని దారిలో ఉంచే పక్క పట్టాకి) తగిలి ఎక్కుతుంది.

ఇక కడగడం. ట్రక్కుల్లో పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. టూత్‌పిక్‌తో గీకి తీసి, విడిభాగాలని ఆల్కహాల్‌లో బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. బాడీకి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వద్దు. కొన్ని కంపెనీల రంగుని అది నిమిషాల్లో ఊడదీస్తుంది, రంగు తీయాలనుకునేవాళ్ళు వాడేదే అది. మళ్ళీ వేసేటప్పుడు ప్లాస్టిక్‌కి హాని చేయని నూనె మాత్రమే వాడాలి. లాబెల్ 108 లాంటి పల్చటి నూనె మోటార్ బేరింగులకి సూది మొనతో ఒక్కో చుక్క. వార్మ్ మీద టెఫ్లాన్ గ్రీజు బియ్యపు గింజలో సగం చాలు. ఎక్కువ పోస్తే చక్రాల మీదికి, అక్కడి నుంచి పట్టాల మీదికి పాకుతుంది, తర్వాత ఎంత తుడిచినా లైటు మిణుకుతూనే ఉంటుంది. డబ్ల్యూడీ-40 జోలికి పోవద్దు.

---

టంకంపెట్టె

లైటు మిణుకు గురించి: ముందు చక్రాలు. పట్టా మీద ఆల్కహాల్‌తో తడిపిన పేపర్ టవల్ అడ్డంగా పరిచి, ఒక ట్రక్కు దాని మీద, రెండోది ఉత్త పట్టా మీద ఉండేలా ఇంజిన్‌ని చేత్తో పట్టుకుని కరెంటివ్వండి. టవల్ మీద నల్లటి చారలు రావడం ఆగేదాకా చోటు మారుస్తూ తిప్పి, తర్వాత ఇటు ట్రక్కు అటు మార్చండి. స్టీల్ ఊల్ వాడకండి, రాలిన ఇనుప నూగు మోటార్ అయస్కాంతానికి అతుక్కుని ఆర్మేచర్‌ని పట్టేస్తుంది.

స్టీమ్ ఇంజిన్ కథ వేరు. ఒక చోట మొండికేసి, తోస్తే తిరిగేది మూడు పోల్స్ మోటార్ అయితే ఒక వైండింగ్ తెగిందని అనుమానించాలి. బ్రష్‌లు రెండూ పక్కకి తీసి, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి ముక్కల చక్రం) మీద మూడు ముక్కల్లో రెండేసి ముక్కల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మూడు కొలతలూ దాదాపు ఒకటే రావాలి. రాకపోతే అంకెలు ఇక్కడ పెట్టండి.

ఆ మోటార్ అయస్కాంతాన్ని మాత్రం ఊడదీయకండి. పాత అల్నికో రకానికి ఇనుప అడ్డు పెట్టకుండా బయటికి తీస్తే బలం పోతుంది, మళ్ళీ మాగ్నెటైజ్ చేయిస్తే తప్ప రాదు.

డీకోడర్‌కి ముందు డీజిల్‌కి రెండు పరీక్షలు. మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో సిరీస్‌గా పెట్టి, 12 వోల్టులిచ్చి, ఫ్లైవీల్‌ని ఒక్క సెకను వేలితో ఆపండి. అప్పుడొచ్చే అంకె స్టాల్ కరెంట్. మామూలు హెచ్‌ఓ డీకోడర్ నిలకడగా మోయగలిగేది 1 నుంచి 1.5 ఆంపియర్ దాకా, మీ అంకె దాన్ని దాటితే డీకోడర్ కాలిపోతుంది. పగిలిన గేరుతో కొలవకండి, మార్చాకే కొలవాలి. ఇక రెండోది: పాత డీజిళ్ళలో మోటార్ కింది బ్రష్ క్లిప్ నేరుగా లోహపు ఛాసిస్‌ని తాకి, పట్టాల నుంచి కరెంటు అలాగే తీసుకుంటుంది. డీసీసీలో అది కుదరదు, మోటార్ రెండు కొసలూ ఛాసిస్ నుంచి పూర్తిగా విడిగా ఉండాలి. క్లిప్ కింద కాప్టన్ (ఇన్సులేషన్) టేప్ వేసి, మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి, బ్రష్‌కీ ఛాసిస్‌కీ మధ్య బీప్ రాకపోతేనే ముందుకెళ్ళండి. మోటార్‌ని పట్టే స్క్రూలు కూడా లోహంవైతే నైలాన్‌వి వేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

వైర్లు: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద మోటార్‌కి, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లకి కామన్ ప్లస్. పాత బల్బు తీసి ఎల్‌ఈడీ పెడితే ఒక్కోదానికి 1 కిలోఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. మొదటిసారి మెయిన్ లైను మీద కాకుండా ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే పెట్టి అడ్రస్ చదివించండి. కొత్త డీకోడర్ అడ్రస్ 3 ఉంటుంది. అక్కడ కరెంటు పరిమితంగానే వస్తుంది కాబట్టి వైరింగ్ తప్పినా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ.

---

పొగబండి87

కొలిచాను. డీజిల్ సరిగ్గా 37 మి.మీ.కి ఒక టక్. వెనక ట్రక్కులో ఒక గేరు చీలి ఉంది, చక్రం విడిగా తిరుగుతోంది.

స్టీమ్ ఇంజిన్ కమ్యుటేటర్ మీద 12, 12, 24 ఓమ్‌లు వచ్చాయి. మొత్తం వైండింగ్ మార్చాలా?

---

టంకంపెట్టె

అక్కర్లేకపోవచ్చు. మూడు వైండింగులూ బాగుంటే మీకు మూడు చోట్లా 8 రావాలి: కొలిచే రెండు ముక్కల మధ్య 12 ఓమ్‌ల వైండింగ్ ఒకటి, దానికి సమాంతరంగా మిగతా రెండూ కలిసి 24. ఇప్పుడు 24 చూపిస్తున్న రెండు ముక్కల మధ్య వైండింగ్ తెగింది, మీటర్ మిగతా రెండింటి గుండా చుట్టు తిరిగి వస్తోంది.

తెగేది సాధారణంగా చుట్ట లోపల కాదు, తీగ కమ్యుటేటర్ చెవికి టంకం పెట్టిన చోట. ఆ రెండు చెవులనీ భూతద్దంతో చూడండి. తీగ ఊడి కనిపిస్తే కొస 2 మి.మీ. మేర ఎనామిల్ గీకి, ఫ్లక్స్ రాసి, సన్నటి ఐరన్ మొనతో రెండు సెకన్లలో పని ముగించాలి. ఎక్కువసేపు వేడి పెడితే కమ్యుటేటర్ ముక్క కింది బేస్ మెత్తబడి అది పక్కకి జరుగుతుంది, అప్పుడు నిజంగానే ఆర్మేచర్ పోతుంది. తర్వాత ముక్కల మధ్య గాడుల్లో పేరుకున్న కార్బన్ మసిని టూత్‌పిక్‌తో తీసి మళ్ళీ కొలవండి. ఇంకో మాట, ఈ తరహా మోటార్లు కొన్నింటిలో బ్రష్ స్ప్రింగ్ ఒక కొసకి చిన్న ఇన్సులేషన్ గొట్టం ఉంటుంది. బిగించేటప్పుడు అది లేకపోతే షార్టే.

---

చిన్నపట్టాలు

గేర్లు వచ్చేలోపు బాడీ పని మొదలుపెట్టవచ్చు, ఛాసిస్ నుంచి విడదీసే ఉంది కదా.

ఫోమ్: గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి బ్రష్. వదలని జిగురుకి వైట్ స్పిరిట్‌ని ఇయర్ బడ్‌తో, ముందు బాడీ లోపలివైపు పరీక్షించి వాడండి. ఫోమ్ రంగుని తినేసి గుంటలు పడి ఉంటే అక్కడ ఏ ద్రవమూ పనిచేయదు, మళ్ళీ రంగు వేయాల్సిందే. ఇకమీదట ఇంజిన్లని ఆ పాత ఫోమ్‌లో పెట్టకండి, యాసిడ్ లేని టిష్యూ పేపర్‌లో చుట్టండి.

గ్రాబ్ ఐరన్లు. ముందు లెక్క: అసలు ఇంజిన్ మీద 450 మి.మీ. వెడల్పున్న కడ్డీ 87తో భాగిస్తే 5.2 మి.మీ. 25 మి.మీ. మందం 0.29 అవుతుంది, కాబట్టి 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ వైరు. ఇత్తడి తీగ కూడా పనికొస్తుంది గానీ చెయ్యి తగిలితే వంగి అలాగే ఉండిపోతుంది, ఫాస్ఫర్ బ్రాంజ్ తిరిగి నిలబడుతుంది. బాడీకీ కడ్డీకీ మధ్య సందు 0.7 మి.మీ.

అచ్చు గ్రాబ్ ఐరన్‌ని చెక్కే ముందే దాని రెండు కొసల దగ్గరా సూదితో గుచ్చి గుర్తు పెట్టండి. చెక్కేశాక చోటు కనబడదు. ఉలిలాంటి చదును మొన బ్లేడుని బాడీకి దాదాపు సమాంతరంగా ఆనించి, ఒకేసారి తోయకుండా పల్చటి పొరలుగా తీయాలి. మిగిలిన మచ్చని 1000 నంబరు తడి ఎమరీతో రుద్దితే పోతుంది. ఆ తర్వాత పిన్ వైస్‌లో 0.35 మి.మీ. బిట్ బిగించి చేత్తోనే తిప్పండి. కరెంటు డ్రిల్ వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌ని పట్టేస్తుంది. బిట్ విరిగేది పక్కకి ఒత్తిడి పడినప్పుడే, అందుకే పిన్ వైస్ వెనక బొడిపెని అరచేతిలో ఆనించి, వేళ్ళతో మాత్రమే తిప్పాలి. నాలుగైదు చుట్లకోసారి బయటికి తీసి పొట్టు దులపండి. అయినా విరుగుతాయి, అరడజను దగ్గరుంచుకోండి.

వైరు వంచడానికి సన్నమూతి ప్లయర్స్ దవడ మీద వెడల్పు 5.2 మి.మీ. ఉన్న చోట మార్కర్‌తో గీత పెట్టి, ప్రతి కడ్డీనీ అక్కడే వంచితే అన్నీ ఒకే కొలతలో వస్తాయి. రంధ్రాల్లోకి దూర్చి, కడ్డీ కింద 0.7 మి.మీ. ప్లాస్టిక్ పట్టీ పెట్టి, దాన్ని తాకేదాకా నొక్కి, జిగురు లోపలివైపు నుంచే వేయండి. సూది మొనంత సూపర్ గ్లూ చాలు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి కిటికీ ప్లాస్టిక్ మీద తెల్లటి మసకలా పడుతుంది కాబట్టి ముందే కిటికీలు తీసేయండి. తిరిగి పెట్టేటప్పుడు పారదర్శకంగా ఆరే కానపీ గ్లూ వాడండి.

రంగు అయ్యాక డెకల్స్ (నీటితో అతికించే గుర్తుల పొరలు) ఉంటే కింద తప్పకుండా గ్లాసీ (మెరిసే) వార్నిష్. మ్యాట్ గరుకు మీద అతికిస్తే సందుల్లో గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. డెకల్ కింద మైక్రో సెట్, పైన మైక్రో సోల్ (రెండూ డెకల్‌ని అతికించే ద్రవాలు). సోల్ వేశాక ముడతలు పడుతుంది, భయపడి ముట్టుకోకండి, ఆరితే దానంతటదే చదునవుతుంది. మిగిలిన బుడగలని సూదితో గుచ్చి మళ్ళీ సోల్ వేయండి. మ్యాట్ వార్నిష్ మీద ఆల్కహాల్ కలిపిన ఇంకు వాష్ (పల్చటి మరక పూత) వేస్తే మాత్రం పాలు పోసినట్టు తెల్లబడుతుంది. వాష్‌కి ఆయిల్ పెయింట్, వైట్ స్పిరిట్ వాడితే ఆ గొడవ లేదు.

---

పాతడబ్బా

చిన్నపట్టాలు గారు చెప్పినవన్నీ డీజిల్ వరకు బాగానే ఉన్నాయి. స్టీమ్ ఇంజిన్ మీద మాత్రం బ్లేడు పెట్టొద్దని నా మాట. పాతవి సేకరించేవాళ్ళు అసలు రంగు, అసలు భాగాలే చూస్తారు. చెక్కేసిన బాడీ, ఎంత అందంగా చేసినా, వాళ్ళకి పాడైపోయిన సరుకే. మీరు మార్చిన ప్రతి భాగాన్నీ, తెగిన స్ప్రింగుతో సహా, చిన్న కవర్లో వేసి అదే పెట్టెలో ఉంచండి.

టంకం పెట్టే ముందు ఇంకో పరీక్ష. ఛాసిస్ జింక్ పోత అయితే జింక్ పెస్ట్ ఉందేమో చూడండి. పోతలో సీసం లాంటి కల్తీ చేరితే లోహం రేణువుల మధ్య నుంచి తుప్పుపట్టి ఉబ్బుతుంది, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి మోడళ్ళలో ఇది ఎక్కువ. ఛాసిస్‌ని అద్దం పలక మీద పెట్టండి. ఊగినా, ఉపరితలం మీద సన్నటి పగుళ్ళ వల కనిపించినా, అంచులు గోటికి పొడిలా రాలినా అదే. దానికి మందు లేదు, కొత్త ఛాసిస్ దొరికితే మార్చాలి. లేకపోతే పొడిగా ఉన్న చోట షోకేస్‌లో పెట్టి, నడపడం మానుకోవాలి. బ్రష్‌ల దగ్గర మోటార్ పక్కకి ఒరిగినట్టు కనిపిస్తే ఆర్మేచర్ మీద సమయం పెట్టకముందే ఈ పరీక్ష చేయండి.

---

పొగబండి87

అద్దం మీద ఊగలేదు, పగుళ్ళు కూడా లేవు. 24 చూపించిన చోట తీగ చెవి దగ్గర ఊడే ఉంది. టంకం పెట్టాక 8, 8, 8.1. బ్లేడు డీజిల్‌కే పరిమితం.

డీజిల్ కప్లర్ మార్చేటప్పుడు ఎత్తు ఎంత పెట్టాలి?

---

వార్మ్‌గేర్

కేడీ (Kadee కంపెనీ) తరహా నకుల్ కప్లర్ అయితే పట్టా పైభాగం నుంచి కప్లర్ మధ్యకి 9.9 మి.మీ. కేడీ 205 గేజ్ పట్టా మీద పెట్టి పోల్చుకోండి. కిందికి ఉంటే ట్రక్కుకీ ఛాసిస్‌కీ మధ్య 0.25 మి.మీ. ఫైబర్ వాషర్ ఒక్కొక్కటిగా వేస్తూ చూడండి. కొత్త గేర్లు వేసి, ట్రక్కులు బిగించాకే కొలవాలి, లేకపోతే మళ్ళీ మారుతుంది.