కిటికీ తెల్లబడకుండా హాలు ఫొటో తీయడం ఎలా?

మియాపూర్‌లో అమ్మకానికి పెట్టిన ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఫొటోలు తీస్తున్నాను. హాలుకి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) సరిచేస్తే బాల్కనీ తలుపు అంతా తెల్లగా అయిపోతోంది, బయటి వెలుతురుకి సరిచేస్తే సోఫా చీకట్లో మునిగిపోతోంది. ట్రైపాడ్ మీద ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ 100 (సెన్సర్ సున్నితత్వం) పెట్టి, రెండేసి స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు లేదా సగం) తేడాతో 5 ఫ్రేములు తీసి కలిపాను. వెలుగు కుదిరింది కానీ తెల్లగోడలు బూడిద రంగుకి తిరిగాయి, కిటికీ చుట్టూ మసక అంచు కనిపిస్తోంది. సీలింగ్‌లోని పసుపు లైట్లు ఆర్పితే రంగులు బాగా వస్తున్నాయి, అయితే ఇల్లు బోసిగా ఉందని ఓనరమ్మ గారు ఒప్పుకోవడం లేదు.

ఫ్లాష్‌ని సీలింగ్‌కి కొట్టి ఒక ఫ్రేము తీసి, కిటికీ భాగం మాత్రం తక్కువ వెలుగుతో తీసిన చీకటి ఫ్రేము నుంచి తెచ్చి కలిపితే నయమా? పాలిష్ చేసిన టేకు తలుపు మీద మెరుపు పడకుండా ఫ్లాష్ ఎక్కడ పెట్టాలి? శనివారం మళ్లీ వెళ్తున్నాను, టెన్షన్‌గా ఉంది. ఇలాంటి ఇళ్లు తీసినవాళ్లు దయచేసి చెప్పండి.