కెయిర్న్‌గోర్మ్: నీలమా, పచ్చా?

ప్రశ్న:

గ్రూపు పెద్దలకు నమస్కారం. స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. శనాదివారాలు అల్లుడు కారు తీస్తే స్పే నది లోయ వెంట తిరుగుతున్నాం. అవియమోర్ ఊళ్లో నిలబడితే ఎదురుగా కనబడేవి కెయిర్న్‌గోర్మ్ కొండలు. ఇక్కడి పాత భాష గేలిక్‌లో 'కార్న్' అంటే రాళ్లగుట్ట, 'గోర్మ్' అంటే నీలం, కాబట్టి మన నీలగిరే అన్నాడు అల్లుడు. బాగానే ఉంది. కానీ గేలిక్ మాట్లాడే లూయిస్ దీవిలో పుట్టిన పక్కింటి పెద్దావిడ, పచ్చగడ్డిని కూడా తాము గోర్మ్ అనే అంటామని చెప్పింది. పైగా ఈ కొండల వరసకి అసలు గేలిక్ పేరు 'అమ్ మొనఘ్ రూఅఘ్', అంటే ఎర్ర కొండలట! ఈ ఆగస్టులో నాకు కనబడింది ఇవేవీ కాదు. హెదర్ అనే పొదలు పూసి వాలంతా వంగపండు రంగు. ఎవరైనా కాస్త విడమరచి చెబుతారా?

అబర్డీన్ నుంచి:

ఆవిడ చెప్పింది నిజమేనమ్మా. ఆకాశం గోర్మ్, లేత గడ్డీ గోర్మే. 'గ్లాస్' అని ఇంకో మాట ఉంది. బూడిద రంగుకీ, కొండవాలు మీది వెలిసిన పచ్చకీ అదే. ఇందులో వింత పడాల్సిందేమీ లేదు. మన 'పచ్చ' సంగతి చూడండి. పచ్చగడ్డి, పచ్చకామెర్లు రెండూ పచ్చే కదా! తేడా చెప్పాల్సి వస్తేనే ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం.

ఇక ఎరుపు. అది గ్రానైట్ కొండ. రాయి కొత్తగా విరిగినచోట, వాగు ఒరుసుకుపోయినచోట గులాబీ ఛాయ తేలుతుంది. స్పే అవతలి గట్టున ఉన్నవి 'మొనఘ్ లీయ', బూడిదరంగు కొండలు. లోయలో ఉండేవాళ్లు ఇటువైపువి ఎర్రవి, అటువైపువి బూడిదవి అని గుర్తు పెట్టుకున్నారు, అంతే. కెయిర్న్ గోర్మ్ అనేది 1245 మీటర్ల ఒక్క శిఖరం పేరు. తర్వాతి రోజుల్లో అది వరసంతటికీ పాకింది.

ఇంకో మాట. రూఅఘ్ అంటే కుంకుమ ఎరుపు కాదు, దానికి 'జెరగ్' ఉంది. నక్క, దుప్పి, తెల్లవాళ్లలో కొందరి జుట్టు... ఆ ఎరుపు. ఇక్కడి కథల్లో వినబడే స్కాట్లాండ్ వీరుడు రాబ్ రాయ్ (1671–1734) పేరులోని 'రాయ్' ఇదే. జుట్టుని బట్టి ఎర్ర రాబర్ట్ అన్నారు. మనవాళ్లు 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటే ఒంటి ఛాయ గురించి, వీళ్లు జుట్టు గురించి!

నంద్యాల నుంచి:

ఇదంతా మా ఊరి భూగోళమే. మాకు తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ. స్పే స్థానంలో కుందూని పెట్టుకోండి, లెక్క సరిపోతుంది. కాకపోతే మే నెలలో మా రెండు మలలదీ ఒకటే రంగు, మాడిన రంగు.

హైదరాబాద్ నుంచి:

రూఅఘ్ అంటే ఎరుపు, అంటే మన రుధిరం! గేలిక్ సంస్కృతంలోంచే పుట్టిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

అబర్డీన్ నుంచి:

ఆగండి గురువుగారూ. రుధిరంతో చుట్టరికం నిజమే. ఇంగ్లీషు 'రెడ్' కూడా ఆ ఇంటి పిల్లే. అయితే ఇవన్నీ ఒకే పాత భాష సంతానం, ఒకదాని కడుపున ఒకటి పుట్టలేదు. మన 'ఎర్ర' ద్రావిడ మాట, ఈ బంధువుల్లో లేదు. గోర్మ్‌కీ పచ్చకీ ఉన్న పోలిక కూడా చుట్టరికం వల్ల వచ్చింది కాదు. అలాంటిది చాలా భాషల్లో కనబడుతుంది.

మీకు సంస్కృతమే కావాలంటే ఇది తీసుకోండి. గోర్మ్‌ని గేలిక్ వాళ్లు 'గొరొమ్' అని పలుకుతారు. రకారానికీ మకారానికీ మధ్య ఒక అచ్చు దూరుతుంది. మనం రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసినట్టే. గేలిక్ ఉచ్చారణ మీద రాసిన పండితులు దీన్ని 'స్వరభక్తి' అనే అంటారు. వేదాల ఉచ్చారణ నియమాలు చెప్పే మన ప్రాతిశాఖ్యాల్లోని మాట ఈ చలిదేశపు వ్యాకరణంలోకి చేరిపోయింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. రుధిరం సంగతి మా అల్లుడికి చెప్పాను, నీలగిరి తనదేనని ఇంకా పట్టు విడవడం లేదు. పక్కింటావిడ దగ్గర 'గొరొమ్' అంటే, ఎవరు నేర్పారని అడిగింది. మా తెలుగు గ్రూపు అన్నాను, నమ్మలేదు.

వచ్చే శనివారం మొనఘ్ లీయ వైపు వెళదామంటున్నారు. అది ఒంటిబండి దారి, ఎదురుగా ఇంకో కారొస్తే 'పాసింగ్ ప్లేస్' బోర్డు దాకా వెనక్కి రావాలి. ఆ టెన్షన్ అల్లుడిది, నాది మిడ్జెస్ బాధ. దోమలో పదోవంతు కూడా ఉండవు, గాలి ఆగితే చాలు, మేఘంలా ముసురుతాయి. మా వైపు కళ్ల చుట్టూ ముసిరే చిన్న పురుగుల్ని నుసుములు అంటాం. కానీ అవి కుట్టవు, ఇవి కుడతాయి. మీ మీ వైపు వీటికి తగిన మాట ఏదైనా ఉందా?