పదకొండు రోజుల సైకిల్ రైడ్‌లో ఒక రోజు ఆగాలా, వద్దా?

గేర్‌లేనివాడు: హైదరాబాద్ నుంచి కన్యాకుమారి దాకా 44వ నంబరు హైవే మీద, దాదాపు 1,250 కిలోమీటర్లు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్న పిల్లల వైద్యం ఖర్చుల కోసం చందాలు పోగుచేస్తూ పద్నాలుగు మందిమి జనవరిలో బయల్దేరుతున్నాం. ఐదో రోజు సాయంత్రానికి తమిళనాడులోని కృష్ణగిరి, ఆరో రోజు అక్కడే రెస్ట్ అని నేను ప్లాన్ రాశాను. సగం మంది ఒప్పుకోవట్లేదు. "జనం డబ్బులిచ్చింది మనం లాడ్జిలో పడుకోవడానికా?" అంటున్నారు. మీరేమంటారు?

చిత్తూరు పెడల్: నేను ఆ సగం మంది వైపే. ఆగితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఓసారి వేరే బృందంతో వెళ్లినప్పుడు, రెస్ట్ డే మర్నాడు మొదటి ముప్పై కిలోమీటర్లు కాళ్లు మొద్దుబారిపోయి నరకం చూశాను. పైగా పద్నాలుగు మందికి ఇంకో రాత్రి గదులు, మూడు పూటల తిండి. ఎవరి డబ్బు అది?

పాతచైన్: తమ్ముడూ, ముందు ఆ సంగతి తేల్చండి. గది, తిండి, వెనకొచ్చే వ్యాను డీజిల్ ఎవరి జేబులోంచి వాళ్లే. చందా పైసా అందులో కలవకూడదు. చందా అడిగేటప్పుడే ఈ మాట రాసేస్తే సగం గొడవ ఉండదు.

ఇక బిగుసుకుపోవడమంటారా, అది రోజంతా మంచం దిగకపోతే వచ్చేది. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో 23 రోజులకి రెండు రెస్ట్ డేలు. ఆ రెండు రోజులూ వాళ్లు గంటో రెండు గంటలో తేలిగ్గా తొక్కుతూనే ఉంటారు. మీరూ టిఫిన్‌కి ముందు చిన్న గేర్‌లో ఒక పదిహేను కిలోమీటర్లు తిరిగి రండి. సీటు ఒరుసుకుని పుండు పడ్డవాళ్లు మాత్రం అదీ వద్దు. సీటెక్కకపోవడమే దానికి మందు.

కృష్ణగిరిలో ఆగితే ఇంకో లాభం. సేలం దారిలో ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ దిగాలి. లారీ ప్రమాదాలకి పేరుమోసిన చోటు. దానికి ముందు బ్రేక్ ప్యాడ్లు తీరిగ్గా చూసుకోవచ్చు.

చిత్తూరు పెడల్: అన్నా, ఆ రేసు వాళ్లకి మాలిష్ చేసేవాళ్లూ మెకానిక్కులూ ఉంటారు. మన రెస్ట్ డే అంటే బట్టలుతుక్కోవడం, ఫొటోల కోసం ఊరంతా తిరగడం. తొక్కిన రోజు కన్నా అదే ఎక్కువ అలసట.

గాలివాటం: ఖాళీగా ఎందుకు? ఆ రోజు అందరం అక్కడి బ్లడ్ బ్యాంకులో రక్తం ఇచ్చేద్దాం. వీడియో పెడితే చందాలూ పెరుగుతాయి!

ల్యాబ్ అక్క: బాబూ, ఆ పని మాత్రం చెయ్యకండి. ఒక్కసారికి కనీసం 350 మిల్లీలీటర్లు తీస్తారు. పోయిన నీరు త్వరగానే పూడుతుంది గానీ ఎర్ర కణాలకి వారాలు పడుతుంది. మర్నాడు వంద కిలోమీటర్ల పైన తొక్కుతూ, ఆ ఘాట్‌లో కళ్లు తిరిగితే? తిరిగొచ్చాక, నాలుగు రోజులు కడుపునిండా తిని ఇక్కడే ఇవ్వండి. ఆ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. జనవరిలోనే కాదు, మే నెలలోనూ కావాలి. కాలేజీలకి సెలవులిచ్చాక క్యాంపులు తగ్గిపోతాయి, అప్పుడు మీలాంటివాళ్లు గుర్తొస్తారు మాకు.

పాతచైన్: ఇంతకీ వెనక వ్యాను నడిపేదెవరు? అతన్ని అడిగారా?

గేర్‌లేనివాడు: నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా అడగలేదు. పోయినేడు వైజాగ్ వెళ్లినప్పుడు వచ్చినతనే. నాలుగున్నరకే లేచి నీళ్ల క్యాన్లు నింపేవాడు, రాత్రి సైకిళ్లన్నీ లెక్క చూసుకున్నాకే పడుకునేవాడు. మధ్యలో రోజంతా సైకిళ్ల వెనక నత్తనడకన బండి. ఇందాక ఫోన్ చేశాను. "సార్, మీరాగినా ఆగకపోయినా నన్నొక రోజు పడుకోనివ్వండి" అన్నాడు.

చిత్తూరు పెడల్: ఆ మాట న్యాయమే. అయితే దానికి అందరూ ఆగడమెందుకు, రెండో డ్రైవర్ని పెట్టుకోండి.

గేర్‌లేనివాడు: రెండో డ్రైవర్‌కి రోజు బత్తా ఎంతవుతుందో, ఒక రాత్రి గదులు ఎంతవుతాయో రెండూ లెక్కేసి ఇక్కడే పెడతాను. ఆదివారంలోగా తేల్చాలి, లాడ్జి వాళ్లు అడ్వాన్స్ అడుగుతున్నారు.